మర్యాద వేరు, మొహమాటం వేరు
(4వ స్థాయి విద్యార్థులకూ, వారి తల్లిదండ్రులకూ ఒక పాఠం)

పిల్లలూ! ఈ పాఠం మీ కోసం. అమ్మానాన్నలు కూడా పక్కన కూర్చుని చదివితే మరీ సంతోషం. ఎందుకంటే ఇందులో చెప్పబోయే పొరపాటు మీకంటే పెద్దవాళ్ళమే ఎక్కువగా చేస్తూ ఉంటాం.

పోయిన సంవత్సరం మన 4వ స్థాయి తరగతిలో ఒక తెలుగు కథల పుస్తకం చదివాం. ఆ పుస్తకం రాసినావిడ అమెరికాలోనే ఉంటారు. మన బడి వార్షికోత్సవానికి అతిథిగా రావడానికి కూడా ఒప్పుకున్నారు. అందుకని పిల్లలందరినీ ఆ కథల మీద తలా ఒక పేజీ అభిప్రాయం రాసి తెమ్మన్నాను. తరగతిలో పదకొండు మంది ఉన్నారు. పదకొండు కాగితాలూ వచ్చాయి. అన్నింటిలోనూ ఒకటే మాట: "కథలు చాలా బాగున్నాయి. నాకు చాలా నచ్చాయి. రచయిత్రిగారికి ధన్యవాదాలు."

బడి అయిపోయాక అందరూ కారుల కోసం ఎదురుచూస్తున్నప్పుడు ఒక అమ్మాయి మెల్లగా నా దగ్గరికి వచ్చింది. "టీచర్‌గారూ, నిజం చెప్పనా? మూడో కథ నాకు నచ్చలేదు. అమ్మమ్మ చనిపోయిందని ఫోన్ వస్తే ఆ అబ్బాయి అసలు ఏడవడు. మా అమ్మమ్మ పోయినప్పుడు నేను చాలా ఏడ్చాను. కానీ అలా రాస్తే ఆంటీ బాధపడతారు, రాయొద్దంది అమ్మ" అంది.

ఇంటికి వెళ్ళేదాకా ఆ మాటే చెవిలో ఉండిపోయింది. పదకొండు కాగితాల్లోనూ లేని అసలైన సమీక్ష ఆ ఒక్క మాటలో ఉంది. పుస్తకం నిజంగా చదివింది, తన బతుకుతో పోల్చి చూసుకుంది, ఎక్కడ అతకలేదో పట్టుకుంది. దాన్ని కాగితం మీద పెట్టనివ్వనిది మన మొహమాటం. దానికి మనం మర్యాద అని పేరు పెట్టుకున్నాం. ఆ రెండూ ఒకటి కావని చెప్పడానికే ఈ పాఠం.

పోస్టుకార్డు రోజులు

మీ తాతగారి కాలంలో పాఠకుడికీ రచయితకూ మధ్య పోస్టుమాన్ ఉండేవాడు. కథ నచ్చినా నచ్చకపోయినా ఒక కార్డు ముక్క రాసి పత్రిక చిరునామాకు పంపేవారు. చందమామ పత్రిక 1947 జూలైలో మద్రాసులో మొదలైంది. అందులో ఫోటోలకు వ్యాఖ్య రాసే పోటీ ఉండేది. పల్లెటూళ్ళ పిల్లలు కూడా కార్డు మీద రాసి పంపి, తమ పేరు అచ్చులో చూసుకోవాలని నెలంతా ఎదురుచూసేవారు. ఆ పత్రికను 1952 నుంచి 1980లో కన్నుమూసేవరకు నడిపించినది కొడవటిగంటి కుటుంబరావుగారు. ఆయన చందమామకు రాసినవాటికి చాలా చోట్ల ఆయన పేరే ఉండేది కాదు. ఉత్తరం రాద్దామన్నా ఎవరికి రాయాలో పిల్లలకు తెలిసేది కాదు!

పెద్దవాళ్ళ పత్రికల్లో మాలతీ చందూర్‌గారు ఉండేవారు. ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' అనే శీర్షిక కింద కొన్ని దశాబ్దాలపాటు పాఠకుల ప్రశ్నలకు జవాబులు రాశారు. స్వాతి మాసపత్రికలో 'పాత కెరటాలు' అనే శీర్షికతో ఇంగ్లీషు నవలలను తెలుగువాళ్ళకు పరిచయం చేశారు. ఇంగ్లీషు రాని ఎంతోమంది ఆ నవలల కథలు ఆమె ద్వారానే తెలుసుకున్నారు. ఆవిడ స్వయంగా నవలా రచయిత్రి కూడా. 'హృదయనేత్రి' నవలకు 1992లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 2013లో చెన్నైలో కన్నుమూశారు. ఒక పుస్తకం చదివి, దాన్ని నలుగురికీ చెప్పి, చదివినవాళ్ళ ప్రశ్నలకు ఓపికగా జవాబు చెప్పడం అనే పని ఈనాటి బ్లాగర్లు కనిపెట్టినది కాదు. మన ఇళ్ళలో అది చాలాకాలంగా ఉన్నదే.

పత్రికల్లో ఇంకో పద్ధతి కూడా ఉండేది. సమీక్ష కావాలంటే పుస్తకం రెండు ప్రతులు పంపాలి అని ముందే ప్రకటించేవారు. పుస్తకం ఊరికే వచ్చిన సంగతి అందరికీ తెలుసు కనుక దాపరికం లేదు. ఉత్తరం చేరడానికి నాలుగు రోజులు, జవాబు రావడానికి ఇంకో నాలుగు రోజులు పట్టేది. ఈలోగా కోపంతో రాసినవాడి కోపం కూడా చల్లారేది.

మధ్యలోకి కంప్యూటర్ వచ్చింది

అమెరికా వచ్చిన తెలుగువాళ్ళు తొలిరోజుల్లో కంప్యూటర్‌లో తెలుగు అక్షరాలు లేక ఇబ్బంది పడ్డారు. 1990 తరువాతి సంవత్సరాల్లో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకున్న మనవాళ్ళు తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో ఒక పద్ధతిగా రాసే విధానం తయారుచేశారు. ఆ విశ్వవిద్యాలయం పేరుమీదనే దాన్ని ఆర్‌టీఎస్ అని పిలిచారు. ఆ అక్షరాలతోనే రాత్రిళ్ళు మేలుకుని కథల గురించీ పద్యాల గురించీ వాదించుకున్నారు.

1998లో 'ఈమాట' అనే పత్రిక అమెరికా నుంచి ఇంటర్నెట్‌లో మొదలైంది. అందులో కథకూ వ్యాసానికీ కిందనే పాఠకులు అభిప్రాయం రాయవచ్చు. ఒక్కోసారి రచయితే వచ్చి జవాబు చెబుతారు. తెలుగు పుస్తకాల గురించి మామూలు పాఠకులు రాసే 'పుస్తకం.నెట్' 2009లో వచ్చింది.

ఇద్దరు రచయిత్రుల సంగతి మీకు చెప్పాలి. నిడదవోలు మాలతిగారు తెలుగునాట పత్రికల్లో కథలు రాసి పేరు తెచ్చుకున్నారు. 1973లో అమెరికా వచ్చారు. తెలుగు కథలను ఇంగ్లీషులో అందించడానికి 2001లో 'తూలిక' అనే వెబ్ పత్రిక పెట్టారు. తరువాత తెలుగులో బ్లాగు కూడా రాస్తూ, కింద వ్యాఖ్యలు రాసినవాళ్ళతో ఎదురుగా కూర్చున్నట్టే మాట్లాడేవారు. పోస్టుకార్డుల కాలం చూసిన రచయిత్రి డెబ్భై ఏళ్ళ వయసులో ఈ పద్ధతి నేర్చుకున్నారంటే, వయసు అడ్డం కాదనే కదా!

రెండోవారు టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో ఉండే కల్పనా రెంటాలగారు. 'తన్హాయి' అనే నవలను 2010 ప్రాంతంలో తన బ్లాగులో ధారావాహికగా రాశారు. భాగం వెలువడగానే పాఠకులు కింద తమ అభిప్రాయం రాసేవారు. పాత్రలు చేసినది తప్పా ఒప్పా అని వాళ్ళలో వాళ్ళే వాదించుకునేవారు. నవల ముగియకముందే రచయితకు పాఠకుల మనసు తెలిసిపోతుంది. తరువాత అది అచ్చు పుస్తకంగా వచ్చింది. పూర్వం వారపత్రిక సీరియల్‌కు ఉత్తరాలు రాసినట్టే ఇది కూడా. కాకపోతే నాలుగు రోజులు పట్టేది నాలుగు నిమిషాలకు దిగింది.

దూరం తగ్గితే వచ్చే చిక్కులు

ఇప్పుడు ఫేస్‌బుక్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో రచయిత మన పక్కింటివాళ్ళంత దగ్గరలో ఉన్నారు. పేరు తగిలిస్తే చాలు, వాళ్ళ ఫోన్ మోగుతుంది. ఇందులో రెండు ప్రమాదాలు ఉన్నాయి.

మొదటిది తిట్టడం తేలికైపోవడం. 2007లో మొదలైన గుడ్‌రీడ్స్‌లో ఎవరైనా పుస్తకానికి ఒకటి నుంచి అయిదు చుక్కలు వేయవచ్చు. 2023 జూన్‌లో ఎలిజబెత్ గిల్బర్ట్ అనే ప్రసిద్ధ రచయిత్రి సైబీరియాలో జరిగే కథతో ఒక నవల రాబోతోందని ప్రకటించారు. యుక్రెయిన్ మీద యుద్ధం జరుగుతుండగా రష్యా కథ ఏమిటని కోపం వచ్చినవాళ్ళు వందల సంఖ్యలో ఒక్క చుక్క వేశారు. అప్పటికి పుస్తకం అచ్చే కాలేదు! ఆవిడ విడుదల ఆపేశారు. యుద్ధం వల్ల బాధపడినవాళ్ళ కోపం నిజమే. ఆ కోపాన్ని ఆవిడకు చెప్పడంలో తప్పు లేదు. కానీ చదవని పుస్తకానికి మార్కులు వేయడం సమీక్ష కాదు.

రచయితల వైపు నుంచీ తప్పులు ఉంటాయి. అదే సంవత్సరం డిసెంబరులో, మొదటి నవల ఇంకా విడుదల కాని ఒక కొత్త రచయిత సంగతి బయటపడింది. మారుపేర్లతో ఖాతాలు తెరిచి, తన పుస్తకానికి ఎక్కువ చుక్కలు, తోటి కొత్త రచయితల పుస్తకాలకు తక్కువ చుక్కలు వేసుకోవడమే ఆ సంగతి. ప్రచురణకర్తలు ఆ నవలను వదులుకున్నారు.

రెండో ప్రమాదం పొగడ్త. ఇది మన తెలుగువాళ్ళకు ఎక్కువ. ఇక్కడ మన తెలుగు పుస్తకాలు చదివేవాళ్ళు కొద్దిమంది. రాసేవాళ్ళు ఇంకా కొద్దిమంది. కథ రాసిన ఆంటీ ఉగాది పండుగలో పులిహోర వడ్డిస్తూ కనబడతారు. కవిత్వం రాసిన అంకుల్ మన నాన్నకు కారు కొనడంలో సాయం చేసి ఉంటారు. వాళ్ళ పుస్తకం బాగాలేదని ఎలా అంటాం? అందుకని చదవకపోయినా "అద్భుతం" అంటాం. చప్పట్ల బొమ్మ ఒకటి పెట్టేస్తాం. మరి రచయితకు ఏం తెలిసింది? ఏమీ తెలియలేదు. నిజంగా బాగున్న పుస్తకం వచ్చినప్పుడు అనడానికి మన దగ్గర మాటే మిగలదు, దాన్ని ముందే అందరికీ పంచేశాం కనుక.

మొహమాటం మనల్ని కాపాడుతుంది, ఎవరితోనూ చెడకుండా. మర్యాద ఎదుటివాళ్ళను కాపాడుతుంది, వాళ్ళ కష్టాన్ని శ్రద్ధగా చూసి నిజం చెప్పి. ఇదే ఈ పాఠంలో మీరు గుర్తుపెట్టుకోవలసిన సంగతి.

పుస్తకం గురించి రాసేటప్పుడు ఏడు సూత్రాలు

1. పూర్తిగా చదవండి. సగంలో ఆపేస్తే ఆపేశానని రాయండి. అది కూడా నిజాయితీయే.

2. పుస్తకం గురించి రాయండి, మనిషి గురించి వద్దు. "ఈ కథ ముగింపు తొందరగా అయిపోయింది" అనవచ్చు. "ఈయనకు కథ రాయడం రాదు" అనకూడదు.

3. ఎందుకో చెప్పండి. "నచ్చింది", "నచ్చలేదు" రెండూ సగం మాటలే. ఏ పేజీలో, ఏ మాట దగ్గర, ఎందుకు అలా అనిపించిందో రాస్తేనే పూర్తవుతుంది.

4. ముగింపు బయటపెట్టకండి. తరువాత చదివేవాళ్ళ సరదా పోతుంది.

5. పుస్తకం ఊరికే వచ్చిందా, రాసినవాళ్ళు మీకు తెలిసినవాళ్ళా, ఆ సంగతి ముందే చెప్పండి. వస్తువు ఉచితంగా తీసుకుని దాన్ని మెచ్చుకుంటూ రాసే బ్లాగర్లు ఆ విషయం చదివేవాళ్ళకు చెప్పాలని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2009లో తన మార్గదర్శకాల్లో స్పష్టం చేసింది. "మా పిన్నిగారి పుస్తకం" అని ఒక్క మాట రాస్తే మీ పొగడ్తకు విలువ తగ్గదు, పెరుగుతుంది.

6. నచ్చలేదని రాసినప్పుడు రచయిత పేరు తగిలించి వాళ్ళను పిలవకండి. సమీక్ష మొదట తోటి పాఠకుల కోసం. వెతుక్కుని చదవాలా వద్దా అన్నది రచయిత ఇష్టం. ఇంటికి పిలిచి మరీ నిష్ఠూరమాడడం మనకు పద్ధతి కాదు కదా. రచయితకే చెప్పాలని ఉంటే విడిగా ఉత్తరం రాయండి.

7. జవాబు రాకపోతే అలగకండి. వాళ్ళకూ ఉద్యోగం, ఇల్లు, పిల్లలు ఉంటారు.

ఇంకొక్క మాట. 13 ఏళ్ళలోపు పిల్లల వివరాలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా వెబ్‌సైట్లు సేకరించకూడదని అమెరికాలో 1998లో చట్టం చేశారు. 2000 నుంచి అది అమలులో ఉంది. అందుకే చాలా చోట్ల 13 ఏళ్ళు నిండనిదే ఖాతా ఇవ్వరు. కనుక మీలో చిన్నవాళ్ళు అమ్మ లేక నాన్న ఈమెయిల్ నుంచి, వాళ్ళు చూస్తుండగా రాయండి. మీ బడి పేరు, ఇంటి చిరునామా, ఫోన్ నంబరు అందరూ చూసే చోట పెట్టకండి.

ఒక ఉత్తరం

మీ ఇంగ్లీషు బడి లైబ్రరీలో 'డియర్ మిస్టర్ హెన్షా' అనే పుస్తకం దొరుకుతుంది. బెవర్లీ క్లియరీ 1983లో రాశారు. మరుసటి ఏడాది న్యూబెరీ పతకం వచ్చింది. అందులో లీ బాట్స్ అనే అబ్బాయి రెండో తరగతి నుంచి తనకు నచ్చిన రచయితకు ఉత్తరాలు రాస్తుంటాడు. ఆరో తరగతిలో బడి పని కోసం ఒక ప్రశ్నల జాబితా పంపితే, ఆ రచయిత జవాబులతోపాటు తన ప్రశ్నల జాబితా తిరిగి పంపుతాడు! వాడికి కోపం వస్తుంది. కానీ వాటికి జవాబులు రాస్తూ రాస్తూ తన గురించి తను రాసుకోవడం నేర్చుకుంటాడు.

ఈ కథ మన తరగతిలో చెప్పాక, ఆ అమ్మాయి వాళ్ళమ్మగారితో మాట్లాడాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "తప్పుగా అనుకోరంటే సరే టీచర్‌గారూ" అన్నారు. ఆ అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. వాళ్ళ అనుమతితో, అక్షర దోషాలు మాత్రం దిద్ది ఇస్తున్నాను:

"రచయిత్రిగారికి నమస్కారం. నేను తెలుగు బడిలో 4వ స్థాయి చదువుతున్నాను. మీ పుస్తకంలో ఆరు కథలు చదివాను. రెండు కథల్లో కొన్ని మాటలు అర్థం కాలేదు, నాన్న చెప్పారు. మొదటి కథలో కుక్క బస్సు వెనకాల పరిగెత్తడం నాకు చాలా నచ్చింది. మూడో కథ నచ్చలేదు. అమ్మమ్మ చనిపోతే ఆ అబ్బాయి ఎందుకు ఏడవలేదు? నేను ఏడ్చాను. మీరు తప్పు రాశారని కాదు. నాకు తెలుసుకోవాలని ఉంది. ఇట్లు, మీ పాఠకురాలు."

వారం తరువాత జవాబు వచ్చింది. అది కూడా రచయిత్రిగారి అనుమతితోనే:

"అమ్మా, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఈ పుస్తకం వచ్చాక చాలామంది బాగుందన్నారు. ప్రశ్న అడిగింది నువ్వే. మా నాన్నగారు పోయారని నాకు ఇక్కడ ఫోన్‌లో తెలిసింది. అప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఎనిమిది నెలల తరువాత ఊరు వెళ్ళి, గుమ్మం పక్కన ఆయన చెప్పులు చూసినప్పుడు వచ్చింది. ఆ అబ్బాయికి కూడా అలాగే అయి ఉంటుందని నేను అనుకున్నాను. కానీ కథలో ఆ సంగతి రాయలేదు. మనసులో ఉన్నది కాగితం మీద ఉందనుకున్నాను. మళ్ళీ అచ్చు వేస్తే ఆ కథ ముగింపు సరిచూసుకుంటాను. మీ అమ్మమ్మ సంగతి తెలిసినప్పుడు నువ్వు ఎక్కడ ఉన్నావు? రాయాలనిపిస్తేనే రాయి."

ఆ అమ్మాయి తెలుగులో ఒకటిన్నర పేజీ జవాబు రాసింది. అందులో ఏముందో నేను అడగలేదు. నాలుగేళ్ళుగా నేను చెబుతున్న పాఠాలకు ఒకటిన్నర పేజీ తెలుగు ఆ పిల్ల ఎప్పుడూ రాయలేదు. అదొక్కటి మాత్రం చెప్పగలను.

వార్షికోత్సవం రోజున మిగతా పదిమంది కాగితాలు కూడా రచయిత్రిగారికి ఇచ్చాం. ఆవిడ నవ్వుతూ తీసుకుని, "వీళ్ళను కూడా ఒక్కో ప్రశ్న అడగమనండి" అన్నారు.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లలు తెలుగులో "నచ్చలేదు" అంటే ఆపకండి. "ఎందుకు?" అని అడగండి. పొగడడానికి రెండు మాటలు వస్తే చాలు. కారణం చెప్పడానికి భాష కావాలి. ఆ భాష కోసమే కదా ప్రతి వారాంతం మీరు అంత దూరం కారు నడుపుకుంటూ వస్తున్నారు!

పదాలు – అర్థాలు

మొహమాటం: ఎదుటివాళ్ళు ఏమనుకుంటారో అని మనసులో మాట చెప్పలేకపోవడం
సమీక్ష: పుస్తకంలోని మంచిచెడ్డలను పరిశీలించి చెప్పడం
ధారావాహిక: భాగాలు భాగాలుగా వచ్చే కథ, సీరియల్
ప్రతి: అచ్చయిన పుస్తకాల్లో ఒకటి
మారుపేరు: అసలు పేరు దాచి పెట్టుకున్న వేరే పేరు
నిష్ఠూరం: మనసు నొచ్చుకునేలా ఎత్తిపొడిచే మాట

ప్రశ్నలు

1. సమీక్ష కోసం పత్రికలు పుస్తకం ఎన్ని ప్రతులు అడిగేవి?
2. 'పాత కెరటాలు' శీర్షిక ఎవరు రాశారు? అందులో ఏముండేది?
3. అచ్చు కాని పుస్తకానికి చుక్కలు వేయడం ఎందుకు తప్పు?
4. మర్యాదకూ మొహమాటానికీ తేడా మీ మాటల్లో చెప్పండి. మీ ఇంట్లో జరిగిన ఒక ఉదాహరణ ఇవ్వండి.

ఇంటిపని

ఈ సంవత్సరం మీరు చదివిన ఒక తెలుగు కథ తీసుకోండి. నచ్చినది ఒకటి, నచ్చనిది ఒకటి, అడగాలనుకున్నది ఒకటి రాయండి. మూడు వాక్యాలు చాలు. "చాలా బాగుంది" అనే మాట మాత్రం వాడకూడదు.